ధమని రక్తానికి అల్ట్రాసౌండ్ దారి: ఎవరికి, ఎప్పుడు?

ఆయాసంతో రొప్పుతూ క్యాజువాల్టీకి వచ్చిన మనిషికి ఆక్సిజన్ సరిపోతోందా, వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుందా అన్నది తేల్చడంలో ధమని నుంచి తీసిన ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తం ఎంతో సాయపడుతుంది. బ్లడ్ గ్యాస్ మిషన్‌లో పెడితే నిమిషాల్లో రక్తపు ఆమ్లత్వం, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లెక్కలు చేతికొస్తాయి. చిక్కంతా ఆ కాస్త రక్తం తీయడంలోనే ఉంది. సిరలాగా ధమని చర్మం కింద కంటికి కనిపించదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది వేలికి ఎక్కడ తగిలిందో అక్కడ సూది దించాలి. బీపీ పడిపోయిన మనిషికి నాడి అందదు. ఒళ్లున్న మనిషిలో లోతు తెలియదు. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవారికి ధమని గోడలు గట్టిపడి సూదికి లొంగవు. ఒకసారి తప్పితే రెండోసారి, ఆ చేయి కాకపోతే ఈ చేయి, చివరికి తొడ మూలం దాకా వెళ్తుంది వ్యవహారం.

ఈ పనికి అల్ట్రాసౌండ్ తోడు ఉండాలా అన్న చర్చ ఇరవై ఏళ్లకు పైగా సాగుతోంది, సాగేకొద్దీ చిక్కుపడుతోంది. ధమనిలోకి ఏ సూది దించినా ప్రోబ్ పట్టుకునే దించాలని ఒక వర్గం వాదిస్తుంది. అలవాటైన వేలికి మించిన సాధనం లేదనీ, మిషన్ తెచ్చేలోగా పని అయిపోతుందనీ మరో వర్గం. అసలు ధమనిని ముట్టుకోనే అక్కర్లేదు, సిర రక్తంతోనే చాలా సందర్భాల్లో నిర్ణయం తీసుకోవచ్చన్నది మూడో వర్గం. ముగ్గురి దగ్గరా సాక్ష్యం ఉంది. కానీ ముగ్గురూ జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు. ఆ ప్రశ్నలను విడదీసి చూస్తే నాకు ఒక క్రమం కనిపిస్తోంది. ముందు ఈ రోగికి ధమని రక్తమే కావాలా అని అడగాలి. కావాలంటే, కష్టమయ్యే రోగిని ముందే గుర్తుపట్టి మొదటిసారి గుచ్చేటప్పుడే ప్రోబ్ పట్టాలి. అందరికీ అల్ట్రాసౌండ్ అక్కర్లేదు. అయితే నాలుగు చోట్ల గుచ్చి విఫలమయ్యాక దాన్ని ఆఖరి అస్త్రంగా తెప్పించడం మాత్రం అన్నిటికంటే తప్పు పద్ధతి.

నాడి నుంచి తెర దాకా

మనిషి మణికట్టు ధమనిలో సూది గుచ్చి రక్తం తీసి అందులోని ఆక్సిజన్ కొలవడం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మొదలైంది. 1912లో జర్మనీలో హ్యూర్టర్ ఆ పని చేశాడు. 1919లో న్యూయార్క్‌లో విలియం స్టాడీ న్యుమోనియా రోగుల ధమని రక్తాన్ని పరీక్షించి, ఒళ్లు నీలం తిరగడానికీ ఆక్సిజన్ తగ్గడానికీ ఉన్న సంబంధాన్ని అంకెల్లో చూపించాడు. అయినా మరో మూడు దశాబ్దాల పాటు అది పరిశోధకుల పనిగానే మిగిలింది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు పరిస్థితి మారింది. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులకు చేత్తో గాలి పంపే పద్ధతిని బ్యోర్న్ ఇబ్సెన్ ప్రవేశపెట్టాడు. రక్తంలో పేరుకుంటున్న కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే దారి పౌల్ ఆస్ట్రప్ చూపాడు. 1950ల చివరికి లేలాండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్, జాన్ సెవరింగ్‌హౌస్ మెరుగుపరిచిన కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ ఒకే పరికరంలోకి వచ్చాయి. అక్కడి నుంచి బ్లడ్ గ్యాస్ రోజువారీ పరీక్ష అయింది. మిషన్ ఎంత మారినా గుచ్చే పద్ధతి మాత్రం మారలేదు, వేలితో నాడి వెతకడమే.

ధమనిని వెతకడానికి ధ్వని తరంగాలు వాడిన తొలి ప్రయత్నాలు 1970ల నాటివి. 1976 నాటికే డాప్లర్ శబ్దం విని మణికట్టు ధమనిలో గొట్టం వేసిన వివరాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. బొమ్మ చూపే అల్ట్రాసౌండ్ రోగి మంచం దగ్గరికి రావడానికి మరికొంత కాలం పట్టింది. మెడలోని పెద్ద సిరలో గొట్టం వేసేటప్పుడు అల్ట్రాసౌండ్ వాడాలని 2002లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ సిఫార్సు చేసింది. అప్పుడూ ఇప్పటి అభ్యంతరాలే వినిపించాయి: ఖర్చు, ఆలస్యం, చేతి నేర్పు పోతుందన్న భయం. సిర విషయంలో ఆ వాదం చాలావరకు సద్దుమణిగింది. అక్కడ గెలిచిన వాదాన్నే యథాతథంగా ధమనికి తెచ్చి అతికించడంతో కొత్త గందరగోళం మొదలైంది. మెడ సిర వెడల్పు, దాని పక్కనే ఉన్న ప్రమాదాలు వేరు. మణికట్టు ధమని లెక్క వేరు.

తెర మీద కనిపించేదీ, కనిపించనిదీ

మణికట్టు దగ్గర ఈ ధమని వెడల్పు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది. హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్‌ను అడ్డంగా ఆనిస్తే తెర మీద నల్లటి చిన్న గుండ్రం, గుండెతో పాటు అదురుతూ కనిపిస్తుంది. దానికి రెండు వైపులా సన్నని సిరలుంటాయి. ప్రోబ్‌తో కాస్త అదిమితే సిరలు నలిగి మాయమవుతాయి, ధమని నిలబడుతుంది. బీపీ బాగా పడిపోయిన మనిషిలో ధమని కూడా తేలిగ్గానే నలుగుతుంది కాబట్టి, చేయి బరువు ప్రోబ్ మీద పడకుండా చూసుకోవాలి. ఇక్కడ పొరబడి, ధమని అనుకుని సిర రక్తం తీసి, వచ్చిన ఆక్సిజన్ అంకె చూసి కంగారుపడే ప్రమాదం ఉంది.

సూది లోపలికి వెళ్లాక తెర మీద తెల్లటి చుక్క కనబడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు బోల్తా పడేది ఇక్కడే. ఆ చుక్క సూది మొన కావచ్చు, మొన ఎప్పుడో దాటిపోగా మిగిలిన సూది ఒంటి భాగమూ కావచ్చు. అడ్డుకోతలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చుక్క ధమని మీదే ఉందని ధీమాగా ఇంకాస్త నెడితే, మొన అప్పటికే ధమని వెనక గోడను చీల్చుకుని పోయి ఉంటుంది. దీనికి విరుగుడుగా ఒక పద్ధతి స్థిరపడింది. చుక్క మాయమయ్యేదాకా ప్రోబ్‌ను కొంచెం ముందుకు జరపాలి, చుక్క మళ్లీ కనిపించేదాకా సూదిని కొంచెం దించాలి, మళ్లీ ప్రోబ్, మళ్లీ సూది. అలా మొనను అడుగడుగునా వెంబడిస్తూ వెళ్తే, చివరికి ఆ తెల్ల చుక్క నల్ల గుండ్రం మధ్యలో నిలుస్తుంది. ప్రోబ్‌ను నిలువుగా పెడితే సూది మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. కాకపోతే చేయి ఒక మిల్లీమీటరు పక్కకు ఒరిగినా ధమని తెర మీంచి తప్పుకుంటుంది. రెండింటిలో ఏది మేలన్న విషయంలో పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. చేతికి బాగా అలవాటైన పద్ధతే వాడుకోవడంలో తప్పులేదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. అల్ట్రాసౌండ్ అంటే ధమనిని చూపించే దీపం అనుకుంటే సరిపోదు. ధమనిని చూడటం, మొనను చూడటం రెండూ వేర్వేరు విద్యలు. మొదటిది త్వరగానే వస్తుంది, రెండోదానికి సాధన కావాలి. సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఒక కారణం ఇదే.

రెండు పనులు, ఒకే తీర్పు

అల్ట్రాసౌండ్‌కు అనుకూలంగా చూపే అంకెలు గట్టివే. 2003లో లెవిన్ బృందం 69 మంది శస్త్రచికిత్స రోగుల మీద చేసిన పరీక్షలో, మణికట్టు ధమనిలో గొట్టం మొదటి ప్రయత్నంలోనే వేయగలిగింది అల్ట్రాసౌండ్‌తో 62 శాతం మందికి, వేలితో 34 శాతం మందికి. 2006లో షైవర్ బృందం అమెరికాలో ఎమర్జెన్సీ విభాగంలోనే 60 మంది రోగులను రెండు జట్లుగా చేసి చూసింది. అల్ట్రాసౌండ్ జట్టులో సగటున 107 సెకన్లు పడితే, రెండో జట్టులో 314 సెకన్లు పట్టింది. ప్రయత్నాలు సగటున 1.2, 2.2. 2011లో నాలుగు పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణలో మొదటి ప్రయత్నంలో నెగ్గే అవకాశం 71 శాతం పెరిగింది. 2021 నాటి కోక్రేన్ సమీక్ష 48 అధ్యయనాలను, దాదాపు 8,000 మంది రోగులను లెక్కలోకి తీసుకుని, మొదటి ప్రయత్నంలో విజయం అల్ట్రాసౌండ్‌తో మెరుగవుతుందని మధ్యస్థాయి నమ్మకంతో తేల్చింది.

అయితే ఈ అంకెలన్నీ ధమనిలో గొట్టం వేసి ఉంచే పనికి సంబంధించినవి. బ్లడ్ గ్యాస్ కోసం ఒక్కసారి రక్తం తీయడం వేరే పని. గొట్టం వేయాలంటే మొన ధమని లోపలికి చేరాలి, అక్కడే నిలవాలి, దాని మీదుగా గొట్టమో తీగో గోడకు తగలకుండా జారాలి. రక్తం తీసే సూదికి అంత అవసరం లేదు, కొన్ని సెకన్లు లోపల ఉంటే చాలు. మొదటి పనిలో వేలితో తప్పే అవకాశం ఎక్కువ కాబట్టి అల్ట్రాసౌండ్ చూపే లాభమూ ఎక్కువే. రెండో పనిలో నాడి బాగా తగులుతున్న మనిషికి వేలితోనే పని జరిగిపోతుంది, మెరుగుపడటానికి పెద్దగా చోటుండదు. ఈ తేడాను పక్కనపెట్టి, గొట్టం పరీక్షల ఫలితాన్ని చూపి ప్రతి బ్లడ్ గ్యాస్‌కూ అల్ట్రాసౌండ్ తప్పనిసరి అనడం సాక్ష్యాన్ని దాని పరిధి దాటి లాగడమే.

ఒక్క గుచ్చుడు మీదే జరిగిన పరీక్షలు తక్కువ. ఉన్నవాటిలో ఫ్రాన్స్‌లోని ఎమర్జెన్సీ వైద్యులు చేసిన రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. 2013లో ప్రచురితమైన మొదటిదానిలో అల్ట్రాసౌండ్ వల్ల ప్రయత్నాల సంఖ్య తగ్గలేదు. అల్ట్రాసౌండ్ వ్యతిరేకులు దీన్నే ఎత్తి చూపుతారు. 2019లో వచ్చిన రెండోదానిలో, మణికట్టు నాడి అందనివారిని, అప్పటికే రెండుసార్లు గుచ్చినా రక్తం రానివారిని మాత్రమే ఎంచుకున్నారు. అక్కడ అల్ట్రాసౌండ్ మొదటి ప్రయత్నంలో విజయాన్ని స్పష్టంగా పెంచింది. ఈ రెండూ పరస్పర విరుద్ధమన్నది పైపై చదువు. సాధనం వల్ల వచ్చే లాభం రోగి కష్టాన్ని బట్టి ఉంటుందన్నది నా అభిప్రాయం. అందరినీ కలిపి సగటు తీస్తే లాభం కనిపించకుండా పోతుంది, కష్టమైన రోగులను విడిగా చూస్తే బయటపడుతుంది.

కష్టమైన రోగికే పనికొస్తుందంటే, ముందు వేలితో ప్రయత్నించి కుదరకపోతేనే మిషన్ తేవచ్చు కదా అనిపిస్తుంది. చాలాచోట్ల జరుగుతున్నదీ ఇదే. కానీ ధమని ప్రతి విఫల ప్రయత్నం తర్వాతా మునుపటిలా ఉండదు. గుచ్చిన దెబ్బకు బిగుసుకుని ఇంకా సన్నబడుతుంది. చుట్టూ రక్తం గూడుకట్టి దాన్ని నొక్కుతుంది, తెర మీద బొమ్మనూ మసకబారుస్తుంది. అప్పటికే మూడుసార్లు నొప్పి భరించిన రోగి చేయి లాక్కుంటాడు. మొదట్లోనే చూసి ఉంటే తేలిగ్గా అయ్యే పనిని మనమే కష్టం చేసి, ఆ కష్టమైన పనిని అల్ట్రాసౌండ్ చేతికి అప్పగిస్తున్నాం. అందుకే నిర్ణయం గుచ్చకముందే జరగాలి. నాడి వేలికి స్పష్టంగా తగలకపోయినా, బీపీ పడిపోయినా, చేతులు వాచి ఉన్నా, పాత గుచ్చుళ్ల మచ్చలు కనిపించినా మొదటి ప్రయత్నానికే ప్రోబ్ కావాలి. నాడి బాగా తగిలిన మనిషిలో కూడా ఒకసారి వేలితో తప్పితే రెండోసారి వేలితోనే వెతకడానికి కారణం నాకు కనిపించదు.

అసలు ధమని రక్తమే కావాలా?

మూడో వర్గం వాదన మొదటి ఇద్దరినీ ఇరుకున పెట్టేది. ఆస్ట్రేలియాకు చెందిన ఎమర్జెన్సీ వైద్యురాలు ఆన్ మరీ కెల్లీ బృందం 2001లో 246 మంది రోగుల్లో ధమని, సిర రక్తాలను పోల్చి, ఆమ్లత్వం అంకెలో సగటు తేడా 0.04 మాత్రమేనని చూపింది. అప్పటి నుంచి షుగర్ పెరిగి కీటోఅసిడోసిస్‌లోకి వెళ్లినవారికి సిర రక్తమే చాలన్న పద్ధతి స్థిరపడింది, బ్రిటన్ మార్గదర్శకాలూ దాన్నే అనుసరిస్తున్నాయి. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారిలో కార్బన్ డయాక్సైడ్ ప్రమాదకరంగా పేరుకోలేదని నిర్ధారించుకోవడానికి కూడా సిర రక్తం పనికొస్తుంది. సిరలో అది 45 మిల్లీమీటర్ల పాదరసం లోపు ఉంటే ధమనిలో ఎక్కువ ఉండే అవకాశం చాలా తక్కువ. ఇన్ని సందర్భాల్లో, ఎలాగూ సెలైన్ కోసం గుచ్చే సిర నుంచే నాలుగు చుక్కలు తీస్తే సరిపోతున్నప్పుడు, ధమనిని ఎంత నేర్పుగా గుచ్చామన్న చర్చే అనవసరం.

అయినా ఈ వాదానికి రెండు హద్దులున్నాయి. సిర రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వస్తే ధమనిలో ఎంతుందో దాన్నిబట్టి కచ్చితంగా చెప్పలేం. షాక్‌లో ఉన్న మనిషిలో రెండు రక్తాల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. ఆక్సిజన్ సంగతి సిర రక్తం అసలే చెప్పదు, దాన్ని వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌కు వదిలేస్తున్నాం. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చిన ఆ చిన్న పరికరం చర్మపు రంగును బట్టి తప్పు చెప్పే అవకాశం ఉంది. 2020లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు చూపిన లెక్క ప్రకారం, ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపుతున్నా ధమని రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. ఆ అంకెలను తెచ్చి నేరుగా మనకు అంటించలేం. కానీ నలుపు, చామనఛాయ ఒళ్లే ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, ఆక్సీమీటర్ ఉంది కదా అని ధమనిని పూర్తిగా మరిచిపోవడం క్షేమం కాదు.

పాముకాటు ఉదాహరణ తీసుకుంటే ఈ మొదటి ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది. కట్లపాము కరిచిన మనిషికి కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది, అక్కడ ధమని రక్తం నిర్ణయానికి సాయపడుతుంది. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టదు. అలాంటి మనిషి ధమనిలో సూది గుచ్చకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. ఒకే చోట గుచ్చగలగడం మేలే అయినా, ఆ ఒక్క రంధ్రం నుంచే రక్తం ఆగకపోతే తెర మీది బొమ్మ ఏం కాపాడుతుంది? ఒకే రాత్రి ఒకే వార్డుకు వచ్చే ఇద్దరు పాముకాటు రోగులకు జవాబులు రెండు.

అభ్యంతరాలు, వాటి బరువు

ఆలస్యమవుతుందన్న అభ్యంతరం మిషన్ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది. క్యాజువాల్టీ మంచం పక్కనే ఉంటే షైవర్ పరీక్షలోలా సమయం మిగులుతుంది. రెండంతస్తుల పైన తాళం వేసిన గదిలో ఉంటే నష్టపోతాం. చేతి నేర్పు పోతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కరెంటు పోయినప్పుడు, మిషన్ మరో రోగి దగ్గర ఉన్నప్పుడు వేలే దిక్కు. అందుకే నాడి బాగా అందేవారిలో వేలితో తీయడం కొనసాగాలని అంటున్నాను. ఇన్‌ఫెక్షన్ భయం మాత్రం శుభ్రతకు సంబంధించినది. ప్రతి రోగికీ ప్రోబ్ తుడవడం, కవర్ తొడగడం, స్టెరైల్ జెల్ వాడటం పాటిస్తే అది తీరుతుంది. ఇవేవీ మానవసాధ్యం కానివి కావు.

మన దగ్గర అసలు అడ్డంకి చట్టం, శిక్షణ. ఆడపిల్లలను గర్భంలోనే చంపేసే దారుణాన్ని ఆపడానికి వచ్చిన 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మిషన్‌నూ రిజిస్టర్ చేయాలి. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం, చేత్తో మోసుకెళ్లే మిషన్‌ను రిజిస్టరైన ప్రాంగణంలోనే అక్కడ చేరిన రోగులకు వాడాలి, లేదంటే సంచార వైద్య యూనిట్‌లో భాగంగా ఉండాలి. సీజ్ చేస్తారన్న భయంతో మిషన్ రేడియాలజీ గది దాటకపోతే, ధమని దొరకని రోగికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. దీనికి మందు చట్టాన్ని సడలించడం కాదు, ఆ చట్టం అవసరం తీరిపోలేదు. క్యాజువాల్టీకి విడిగా మిషన్‌ను రిజిస్టర్ చేయించి, దాన్ని వాడే ఎమర్జెన్సీ వైద్యుల పేర్లు, రికార్డులు సక్రమంగా ఉంచడం ఆస్పత్రి యాజమాన్యం పని. అది కాగితాల శ్రమే, చేయదగిన శ్రమ. శిక్షణ విషయంలోనూ అంతే. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా మన దేశం 2009లో గుర్తించింది, అందులో పీజీ చేసేవారు ప్రోబ్ పట్టడం నేర్చుకుంటున్నారు. కానీ అర్ధరాత్రి సూది పట్టేది తరచూ హౌస్ సర్జన్. విద్య నేర్చినవారు ఒకరు, గుచ్చేవారు ఇంకొకరు అయినంతకాలం ఏ మార్గదర్శకమూ రోగి మణికట్టు దాకా చేరదు.

ఈ వాదప్రతివాదాల్లో నొప్పి అడుగున పడిపోవడం బాధాకరం. ధమని గుచ్చుడు సిర గుచ్చుడు కంటే చాలా ఎక్కువ నొప్పి పెడుతుంది. అత్యవసరమైతే తప్ప, ముందు కాస్త మత్తుమందు ఇచ్చాకే గుచ్చాలని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ చెబుతోంది. సన్నని సూదితో కొద్దిగా లిగ్నోకైన్ ఇవ్వడానికి ఏ తెరా, ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. అల్ట్రాసౌండ్ మీద పేజీలకు పేజీలు రాసేవారిలో ఎంతమంది దీని గురించి ఒక్క వాక్యమైనా రాస్తున్నారు?

ఇంకా తేలనివి

కష్టమైన ధమని అని ఎవరిని అనాలన్నది మొదటి చిక్కు. నాడి అందకపోవడం, బరువు, వాపు, పాత వైఫల్యాలు అంటూ ఒక్కో పరిశోధన ఒక్కో కొలత వాడింది. ప్రోబ్ ముందే పట్టాలన్న నా వాదన సాగాలంటే ఈ గుర్తింపు నమ్మదగినదై ఉండాలి, ఇప్పటికి అది చాలావరకు అనుభవం మీదే నడుస్తోంది. గుచ్చేముందు చేతికి రక్తం అందించే రెండో ధమని సరిగా ఉందో లేదో చూసే అలెన్ పరీక్ష సంగతీ తేలలేదు. 1929లో మొదలైన ఆ పరీక్ష ముప్పును ముందే పసిగట్టలేకపోతోందని 1983లో సుమారు 1,700 మంది శస్త్రచికిత్స రోగుల మీద జరిగిన అధ్యయనం చూపింది. అయినా దాన్ని ఇప్పటికీ బోధిస్తున్నాం. ప్రోబ్ ఎలాగూ చేతిలో ఉన్నప్పుడు ఆ రెండో ధమనిలో రక్తం పారుతోందో లేదో నేరుగా చూడొచ్చు. దాని వల్ల రోగికి ఎంత మేలన్నది కొలిచి చూడాలి.

వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కొలతల సంగతి. మొదటి ప్రయత్నంలో విజయం, పట్టిన సెకన్లు, ప్రయత్నాల సంఖ్య: పరీక్షలు కొలిచింది ఎక్కువగా వీటినే. ఇవి గుచ్చేవారి వైపు నుంచి తీసిన లెక్కలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పీడిస్తోంది. అక్కడి నుంచి ఆయాసంతో ఆస్పత్రికి వచ్చే మనిషికి మణికట్టు ధమని ఈ రోజు రక్తం తీయడానికే కాదు, రేపు డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేయడానికీ కావాలి. నాలుగుసార్లు పొడిచిన ఆ ధమని ఆరు నెలల తర్వాత తెరుచుకునే ఉందా, వేసిన ఫిస్టులా పనిచేస్తోందా అన్నది అల్ట్రాసౌండ్ జట్టులోనూ వేలి జట్టులోనూ పక్కపక్కన లెక్కించే పరీక్ష కావాలి. కిడ్నీ రోగులు అంతమంది ఉన్న చోట, డయాలసిస్ కేంద్రాల రికార్డులు ఆధారంగా, అలాంటి పరీక్ష చేపట్టడానికి మన వైద్య కళాశాలలకు దారి ఉంది.